సూరత్‌లో పియానో గురువు: ఇంటికి రప్పించాలా, స్టూడియోకు పంపాలా?

సూరత్‌ను తెలుగువారు మరమగ్గాల ఊరుగా, చీరల ఊరుగా ఎరుగుదురు. తెలంగాణ జిల్లాల నుంచి తరలివచ్చిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్ వంటి ప్రాంతాల్లో స్థిరపడి తరాలు గడిచాయి. హజీరా పారిశ్రామిక ప్రాంతంలోని కర్మాగారాల్లో ఉద్యోగాల కోసం వచ్చినవారూ ఉన్నారు. గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతో పాటు తెలుగు మాధ్యమంలో కూడా నగరపాలక సంస్థ పాఠశాలలు నడుస్తున్నాయంటే ఈ నగరంలో మన భాషకు ఉన్న చోటు అర్థమవుతుంది.

అటువంటి ఒక కుటుంబంలో బాలిక పాఠశాల వేడుకలో పియానో విని, తానూ నేర్చుకుంటానని పట్టుబట్టిందనుకుందాం. తల్లిదండ్రులకు వెంటనే తోచే ప్రశ్న ఒకటే: గురువును ఇంటికి రప్పించాలా, లేక పిల్లను స్టూడియోకు పంపాలా? ఈ ప్రశ్న సహజమైనదే. అయితే దీనికి ముందు తేల్చుకోవలసినవి రెండున్నాయి. నేర్పబోయేది నిజంగా పియానోనేనా అన్నది మొదటిది. పాఠం లేని రోజుల్లో పిల్ల ఏ మీటల మీద సాధన చేస్తుందన్నది రెండవది. ఈ రెండూ తేలకుండా చెల్లించిన రుసుము చాలా సందర్భాల్లో వృథా అవుతుంది. అంతకంటే పెద్ద నష్టం, తనకు సంగీతం రాదని పిల్ల నమ్మడం.

మీటలు ఒకటే, వాద్యాలు మూడు

నల్లని, తెల్లని మీటల వరుస కనిపించగానే దానిని పియానోగా భావించడం పరిపాటి. హార్మోనియం, ఎలక్ట్రానిక్ కీబోర్డు, పియానో చూపులకు దగ్గరివే అయినా చేతికి మాత్రం వేర్వేరు వాద్యాలు.

హార్మోనియంలో గాలి రీడ్లను కంపింపజేస్తుంది. సాధారణంగా ఎడమ చేయి తిత్తిని నడుపుతుంది, కుడి చేయి మాత్రమే స్వరాలు పలికిస్తుంది. గుజరాత్‌లో భజన, సుగమ సంగీత సంప్రదాయాలు బలమైనవి కనుక హార్మోనియం నేర్పేవారు దొరకడం కష్టం కాదు. 1940లో ఆకాశవాణి హార్మోనియాన్ని ప్రసారాల నుంచి నిషేధించి, 1971లో ఆ నిషేధాన్ని సడలించింది. భారతీయ సంగీతంలోని గమకాలను, సూక్ష్మ స్వరభేదాలను స్థిరమైన మీటలు పలికించలేవన్నది ఆనాటి వాదాల్లో ముఖ్యమైనది. అదే పరిమితి పియానోకూ వర్తిస్తుంది. పక్కపక్కనే ఉన్న రెండు మీటల నడుమ మరో స్వరం పలకదు.

పియానోలో మీటను నొక్కగానే ఉన్ని పొదిగిన చిన్న సుత్తి తీగను తాకి వెనక్కు వస్తుంది. వేలి వేగాన్ని బట్టి శబ్దం మెత్తగానో గట్టిగానో వెలువడుతుంది. 1700 ప్రాంతంలో ఇటలీలోని ఫ్లారెన్స్‌లో బార్తొలొమియో క్రిస్తొఫొరి రూపొందించిన ఈ వాద్యానికి పేరు వచ్చింది కూడా ఈ గుణం వల్లనే. ఇటాలియన్‌లో ‘పియానో’ అంటే మెల్లగా, ‘ఫోర్తే’ అంటే బిగ్గరగా. నేటి పియానోకు 52 తెల్లని, 36 నల్లని మీటలు, మొత్తం 88 ఉంటాయి. రెండు చేతులూ సమానంగా, ఒకదానికొకటి భిన్నమైన పని చేయవలసి ఉంటుంది.

ఇక బజారులో విరివిగా దొరికే కీబోర్డుకు సాధారణంగా 61 మీటలు ఉంటాయి. అవి తేలికైనవి. ఎడమ చేతితో రెండు మూడు మీటలు పట్టుకుంటే యంత్రమే తాళం, తోడు స్వరాలు సమకూరుస్తుంది. సినిమా పాటలు త్వరగా వాయించి ఆనందించాలనుకునేవారికి అది చక్కని సాధనం. అందులో తప్పేమీ లేదు. అయితే కీబోర్డు మీద రెండేళ్లు సాధన చేసిన పిల్ల పియానో ముందు కూర్చుంటే వేళ్లలో బలం చాలదు, ఎడమ చేయి కదలదు.

అందువల్ల గురువును తొలిసారి కలిసినప్పుడు అడగవలసిన ప్రశ్న ‘ఎంత తీసుకుంటారు’ అన్నది కాదు, ‘ఏ వాద్యం మీద నేర్పుతారు’ అన్నది. ‘పియానో, కీబోర్డు, హార్మోనియం అన్నీ ఒకటే’ అన్న సమాధానం వస్తే, ఆయన వేరే విద్యలో నిపుణుడై ఉండవచ్చు గాని పియానో బోధకుడని మాత్రం అనుకోనక్కరలేదు.

ఇంట్లో ఏ వాద్యం ఉండాలి

ఒక చిన్న లెక్క ఈ విషయాన్ని స్పష్టం చేస్తుంది. ఆరేడేళ్ల పిల్లకు వారానికి అరగంట పాఠం చొప్పున నెలకు గురువు ఎదుట గడిచేది 2 గంటలు. రోజుకు 20 నిమిషాల వంతున వారంలో ఆరు రోజులు సాధన చేస్తే నెలకు 8 గంటలు. అంటే విద్యలో సింహభాగం గురువు లేని వేళల్లోనే జరుగుతుంది. స్టూడియోలో ఎంత గొప్ప పియానో ఉన్నా, ఇంట్లో తగిన మీటలు లేకపోతే పిల్ల ప్రతి వారం మొదటికే వస్తుంది.

తీగల పియానో సూరత్‌లో ఖర్చుతో కూడిన నిర్ణయం. ధర లక్షల్లో ఉంటుంది. నిలువు పియానో కూడా సుమారు 200 కిలోలు, అంతకు మించి తూగుతుంది. అపార్టుమెంట్లలో లిఫ్టు, మెట్ల మలుపులు ముందే కొలుచుకోవాలి. వాతావరణం మరో సమస్య. తాపీ నదీ తీరాన, సముద్రానికి చేరువలో ఉన్న ఈ నగరంలో వానాకాలమంతా గాలిలో తేమ అధికం. తీగల వెనుక ఉండే పలుచని చెక్క పలక తేమకు ఉబ్బుతుంది, పొడి గాలికి కుదించుకుంటుంది. దానితో పాటు శ్రుతి మారుతుంది. సుమారు 230 తీగలున్న ఈ వాద్యాన్ని ఏడాదికి కనీసం రెండుసార్లు శ్రుతి చేయించడం ఆనవాయితీ. శ్రుతి చేసే నిపుణుడు ఎక్కడి నుంచి వస్తారో, ప్రయాణ ఖర్చు ఎవరు భరించాలో కొనుగోలుకు ముందే తెలుసుకోవడం మంచిది.

మధ్యతరగతి కుటుంబాలకు అనువైనది బరువైన మీటలు గల 88 మీటల డిజిటల్ పియానో. దీనికి శ్రుతి చేయించనక్కరలేదు, తేమకు స్వరం మారదు. రాత్రి పాళీ ముగించుకుని వచ్చిన తండ్రి పగలు నిద్రిస్తున్నా చెవిగొట్టాలు పెట్టుకుని పిల్ల సాధన చేసుకోవచ్చు. మరమగ్గాల పనివేళలు ఎరిగిన ఇళ్లకు ఇది చిన్న సౌకర్యం కాదు. దీని ధర సాధారణ కీబోర్డుకు అనేక రెట్లుంటుంది. కనుక మొదటి నెలల్లో స్పర్శకు స్పందించే మీటలు గల వాడిన వాద్యాన్ని కొనడం లేదా అద్దెకు తీసుకోవడం, ఆసక్తి నిలిచాక మంచి వాద్యానికి మారడం ఒక మార్గం. ఈ ప్రణాళికను గురువుతో ముందుగా చర్చించాలి. కాగితం మీద మీటల బొమ్మ గీసి సాధన చేయించడం వంటి సలహాలు పియానో విషయంలో ఎక్కువ కాలం పనికిరావు. వేలికి బరువు, చెవికి శబ్దం రెండూ కావాలి.

ఇంటివద్ద బోధన: లాభాలు, పరిమితులు

గురువు ఇంటికి వస్తే పిల్ల రోజూ సాధన చేసే వాద్యాన్నే ఆయన చూస్తారు. పీట ఎత్తు సరిపోయిందా, మోచేయి మీటల మట్టానికి వచ్చిందా, నేలకు అందని పాదాల కింద చిన్న బల్ల వేశారా అన్నవి అక్కడికక్కడే సరిదిద్దగలరు. తల్లి లేదా తండ్రి పాఠాన్ని వింటారు కనుక వారం పొడవునా ఏమి చేయించాలో వారికీ తెలుస్తుంది. చిన్న పిల్లల విషయంలో ఇది ఎంతో విలువైనది.

పరిమితులూ ఉన్నాయి. లింబాయత్ నగరానికి తూర్పున, వేసు నైరుతి దిశన, అడాజణ్ తాపీకి ఆవలి ఒడ్డున ఉన్నాయి. సాయంత్రం వేళ వంతెనలు దాటి ఒక ఇంటి నుంచి మరో ఇంటికి చేరే గురువుకు ప్రయాణంలోనే సమయం గడిచిపోతుంది. ఆ భారం రుసుములోనో, ఆలస్యాల్లోనో, రద్దయ్యే పాఠాల్లోనో కనిపిస్తుంది. అందువల్ల అదే ప్రాంతంలో మరో ఇద్దరు ముగ్గురు విద్యార్థులున్న గురువును ఎంచుకోవడం మేలు. ఒకే వీధిలోని రెండు మూడు కుటుంబాలు కలిసి ఒకే సాయంత్రం వరుసగా పాఠాలు ఏర్పాటు చేసుకుంటే గురువుకూ గిట్టుబాటవుతుంది, రాక కూడా క్రమం తప్పదు.

పాఠం జరిగే వేళ ఇంట్లో పెద్దలు ఉండగలరా అన్నది కూడా ముందుగా చూసుకోవాలి. తల్లిదండ్రులిద్దరూ పనికి వెళ్లే ఇళ్లలో ఇంటివద్ద బోధన అనుకూలం కాకపోవచ్చు.

స్టూడియోలో బోధన: లాభాలు, పరిమితులు

మంచి స్టూడియోలో మెరుగైన వాద్యం ఉంటుంది. టీవీ, అతిథులు, వంటింటి చప్పుళ్లు లేని ఏకాగ్రత దొరుకుతుంది. తోటి పిల్లలు వాయించడం వినడం, ఏడాదికి ఒకటి రెండుసార్లు నలుగురి ముందు వాయించడం వల్ల సభా భయం తొలగుతుంది. గురువు సెలవు పెడితే మరొకరు పాఠం చెప్పే వీలుంటుంది.

అయితే ‘పియానో తరగతి’ అన్న బోర్డు వెనుక ఏముందో లోపలికి వెళ్లి చూడాలి. ఒకే గదిలో ఎనిమిది మంది పిల్లలు ఎనిమిది కీబోర్డుల ముందు కూర్చుని ఉంటే ఒక్కొక్కరి వేళ్లను గురువు గమనించే సమయం స్వల్పం. లయ, స్వరలిపి, వినికిడి వంటివి బృందంలో హాయిగా నేర్పవచ్చు. చేతి తీరు మాత్రం ఒక్కొక్కరికి విడిగా నేర్పవలసిందే. కనుక గంట తరగతిలో తమ పిల్ల వాయిస్తుండగా గురువు పక్కన నిలిచేది ఎన్ని నిమిషాలో తల్లిదండ్రులు లెక్క చూసుకోవాలి. ఆ నిమిషాలకే వారు రుసుము చెల్లిస్తున్నారు. తొలి రోజు పరిచయం చేసిన గురువే ఏడాది పొడవునా నేర్పుతారా అన్నదీ అడగాలి.

ఈ రెండు పద్ధతులకు తోడు వీడియో పాఠాలు మూడవ మార్గంగా ఉన్నాయి. హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఉన్న తెలుగు గురువు వద్ద సూరత్ నుంచే నేర్చుకోవచ్చు. కాని చాలా కాల్ యాప్‌లు మాటను స్పష్టంగా వినిపించడానికి శబ్దాన్ని సరిదిద్దుతాయి. ఆ క్రమంలో మెత్తని, గట్టి స్వరాల తేడాను చెరిపివేస్తాయి. పియానోకు ప్రాణం ఆ తేడాయే. వీడియో పాఠం ఎంచుకున్నవారు ఈ సవరణను ఆపే వీలుందేమో చూసుకోవాలి. కెమెరాను ముఖానికి కాక, చేతులు పక్క నుంచి కనిపించేలా అమర్చాలి. ఆరంభ దశలో మాత్రం ప్రత్యక్ష బోధనకు సాటి లేదు.

తొలి పాఠమే గురువుకు పరీక్ష

గురువును వెతకడానికి వాద్యాల దుకాణాలు, పాఠశాలల సంగీత ఉపాధ్యాయులు, చర్చిల గాయక బృందాల్లో మీటల వాద్యం వాయించేవారు, పియానోలను శ్రుతి చేసే నిపుణులు మంచి ఆధారాలు. నగరంలో ఎవరి ఇంట పియానో మోగుతోందో శ్రుతి చేసేవారికి తెలుస్తుంది. ఇద్దరు ముగ్గురి పేర్లు దొరికాక, ఏడాది చేరిక కాకుండా ఒక ప్రయోగ పాఠం కోరాలి. ఆ అరగంటలో గమనించవలసినవి కొన్ని ఉన్నాయి.

గురువు స్వయంగా ఒక చిన్న రచన వాయించి వినిపించారా? పిల్ల కూర్చున్న తీరును, మణికట్టును, వేళ్ల వంపును మొదట చూశారా? తప్పు పలికినప్పుడు విసుక్కున్నారా, లేక అది ఎందుకు జరిగిందో కనిపెట్టి ఆ భాగాన్ని చిన్నదిగా చేసి మళ్లీ చేయించారా? వారంలో ఏమి, ఎలా సాధన చేయాలో రాసి ఇచ్చారా? నొప్పి కలిగితే ఆపమని చెప్పారా? వీటికి అనుకూలమైన జవాబులు వస్తే ఆ గురువు దగ్గర పట్టాలు తక్కువ ఉన్నా నిలబడవచ్చు. మీటల మీద అక్షరాల స్టిక్కర్లు అంటించి ఒక్క రోజులో పాట వాయింపజేసి, మూడు నెలల్లో గ్రేడు సాధిస్తామని చెబితే నెమ్మదించి ఆలోచించాలి.

తెలుగు పిల్లల విషయంలో మరొకటి గుర్తుంచుకోవాలి. కర్ణాటక సంగీతం మాయామాళవగౌళ సరళీ వరుసలతో మొదలవుతుంది. అందులో షడ్జమం పాడేవారి కంఠాన్ని బట్టి మారుతుంది. పియానో పాఠంలో ప్రతి మీటకు స్థిరమైన పేరు ఉంటుంది, ఐదు గీతల స్వరలిపిలో దానికి స్థిరమైన చోటు ఉంటుంది. ‘సి’ నుంచి తెల్లని మీటలు మాత్రమే వరుసగా వాయిస్తే వచ్చే స్వరాలు మనకు శంకరాభరణంగా, హిందుస్తానీ సంప్రదాయంలో బిలావల్‌గా పరిచితమైనవే. ఇంట్లో సంగీత జ్ఞానం ఉంటే ఆ పోలిక పిల్లకు వంతెన అవుతుంది. అయితే గురువు ఒక రోజు ‘స’ అని, మరో రోజు ‘సి’ అని ఒకే మీటను పిలిస్తే గందరగోళం తప్పదు. ఏ పద్ధతిలో నేర్పుతారో స్పష్టత ఉండాలి. చెన్నైకి చెందిన పియానో విద్వాంసుడు అనిల్ శ్రీనివాసన్ గాయకుడు సిక్కిల్ గురుచరణ్‌తో కలిసి కర్ణాటక కృతులకు పియానో సహకారం అందించి రెండు సంప్రదాయాలు కలిసి నడవగలవని చూపారు. రెండింటి వ్యాకరణం విడివిడిగా నేర్చిన తరువాతే అటువంటి కలయిక సాధ్యమవుతుంది.

ఇక మాట విషయం. నగరంలోని గురువు గుజరాతీలోనో, హిందీలోనో, ఇంగ్లీషులోనో పాఠం చెప్పే అవకాశమే ఎక్కువ. పిల్లకు ఏ భాష హాయిగా అర్థమవుతుందో ముందే చెప్పాలి. అర్థం కాని సూచనకు తలూపే అలవాటు సంగీతంలో చాలా హాని చేస్తుంది.

గ్రేడ్లు, పట్టాలు ఏమి చెబుతాయి

భారత్‌లో పియానో విద్యార్థులు ఎక్కువగా రాసేవి రెండు బ్రిటిష్ సంస్థల పరీక్షలు: 1872లో మొదలైన ట్రినిటీ కాలేజ్ లండన్, 1889లో ఏర్పడిన ఎ.బి.ఆర్.ఎస్.ఎం. రెండింటిలోనూ ప్రాథమిక స్థాయి నుంచి 8వ గ్రేడు వరకు మెట్లున్నాయి. ట్రినిటీ పరీక్షకు 100 మార్కులు, ఉత్తీర్ణతకు 60. ఎ.బి.ఆర్.ఎస్.ఎం. పరీక్షకు 150 మార్కులు, ఉత్తీర్ణతకు 100. రెండవ సంస్థలో 6, 7, 8 గ్రేడ్లకు ముందు సిద్ధాంతంలో 5వ గ్రేడు లేదా దానికి సమానమైన అర్హత కావాలి. వీడియో రికార్డింగు పంపి రాసే పరీక్షలు కూడా ఇప్పుడు అందుబాటులో ఉన్నాయి. సుమారు 260 కిలోమీటర్ల దూరంలోని ముంబయికి ప్రతిసారీ ప్రయాణించలేని సూరత్ విద్యార్థులకు ఇది వెసులుబాటు.

గ్రేడు ఉత్తీర్ణత వాయించే స్థాయిని చెబుతుందే గాని నేర్పే నేర్పును చెప్పదు. ఎ.టి.సి.ఎల్., ఎల్.టి.సి.ఎల్. వంటి డిప్లొమాల్లో బోధనకు సంబంధించినవి వేరుగా ఉంటాయి. గురువు చెప్పిన అర్హత ఏ వాద్యంలో, ఏ విభాగంలో అన్నది మర్యాదగా అడిగి తెలుసుకోవచ్చు. అఖిల భారతీయ గాంధర్వ మహావిద్యాలయ మండలి వంటి సంస్థల పరీక్షలు హిందుస్తానీ సంగీతంలో గౌరవనీయమైనవి. ఆ పట్టా పియానో బోధనకు అర్హత కాదు.

పరీక్ష కోసం ఏడాదంతా మూడు రచనలనే తిప్పితిప్పి వాయింపజేసే పద్ధతి వద్దు. గ్రేడు వచ్చాక కొత్త కాగితం ఇస్తే పిల్ల చదవలేకపోతే ఆ పట్టా ప్రయోజనం స్వల్పం.

రుసుము, రక్షణ

రుసుము నెలవారీగా, లేదా గరిష్ఠంగా మూడు నెలలకు చెల్లించే ఏర్పాటు ఉత్తమం. రద్దయిన పాఠానికి బదులు పాఠం ఉంటుందా, వేసవి సెలవుల్లో స్వగ్రామానికి వెళ్లే నెలకు రుసుము కట్టాలా, దీపావళి సెలవులు ఎన్ని రోజులు అన్నవి చేరిక నాడే కాగితం మీద ఉండాలి. చెల్లించిన ప్రతిసారీ రసీదు తీసుకోవాలి. సొమ్ము పుచ్చుకుని సేవ అందించనివారిపై వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద ఫిర్యాదు చేయవచ్చు. జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915.

పిల్లల భద్రత అన్నిటికంటే ముందు. ఇంట్లోనైనా స్టూడియోలోనైనా పాఠం తలుపు తెరచిన గదిలో, పెద్దల చూపు ఆనే చోట జరగాలి. చేతి భంగిమ సరిదిద్దడానికి గురువు మణికట్టును, వేళ్లను తాకడం బోధనలో భాగమే. దాన్ని ముందుగా చెప్పి, తల్లిదండ్రుల ఎదుట చేసే గురువు తన వృత్తిని గౌరవించేవారు. తల్లిదండ్రులు కూర్చోరాదని షరతు పెట్టే చోట పిల్లను చేర్చకపోవడమే మంచిది. పిల్లలకు ఆపద ఎదురైతే 1098 నంబరుకు పగలూ రాత్రీ ఫోన్ చేయవచ్చు.

ఇల్లా, స్టూడియోనా?

ఇంట్లో 88 మీటల వాద్యం, పాఠం వేళ పెద్దల సన్నిధి, అదే ప్రాంతంలో తిరిగే గురువు ఉంటే చిన్న పిల్లలకు ఇల్లే మేలు. ఇంట్లో చోటు లేకపోయినా, పెద్దలు పనిలో ఉన్నా, పిల్ల పదేళ్లు దాటి తోటివారి సాంగత్యం కోరుతున్నా స్టూడియో మేలు. తొలి రెండేళ్లు ఇంటివద్ద, తరువాత స్టూడియోలో అన్న క్రమం కూడా చాలామందికి కుదురుతుంది.

ఏది ఎంచుకున్నా మూడు నెలల తరువాత ఒకసారి పరీక్షించి చూడాలి. పిల్ల ఎవరూ చెప్పకుండానే వాద్యం ముందు కూర్చుంటున్నదా? ఎడమ చేయి కదులుతున్నదా? కొత్త కాగితంలోని రెండు వరుసలైనా తనంతట తాను చదివి వాయించగలుగుతున్నదా? ఈ మూడింటికీ అవునన్న జవాబు వస్తే ఆ గురువును వదులుకోవద్దు. కాదన్న జవాబు వస్తే పిల్లను నిందించకుండా ముందు మీటలను, ఆ తరువాత సాధన వేళను, చివరగా గురువును మార్చి చూడాలి.